షంట్ విషయంలో వాయిదాలొద్దు చిట్టీ

చిట్టీ,

పాప తలలో నీరు చేరిందని, దాన్ని పొట్టలోకి మళ్లించే గొట్టం, అదే షంట్, వెయ్యాలన్నారని, మీ అత్తగారేమో కొన్నాళ్లు మందులు వాడి చూద్దామంటున్నారని రాశావు కదా. ఆగొద్దు. న్యూరోసర్జరీ వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నా, ఆ నీటిని పూర్తిగా తగ్గించే మాత్ర లేదు, ఆగినకొద్దీ నలిగిపోయేది పాప మెదడే.

అసలు ఆ నీరు మనందరికీ ఉంటుంది. పెద్దవాళ్లకైతే రోజుకి అర లీటరు దాకా ఊరుతుంది, ఊరింది ఊరినట్టే రక్తంలో కలిసిపోతుంది. పాపకి ఆ దారి పుట్టుకతోనే సన్నగా ఉందన్నారు కాబట్టి నిలిచిపోతోంది. నెలలు నిండక ముందే పుట్టి మెదడులో రక్తస్రావమైన పిల్లలకీ, వెన్నుపూస సరిగా మూసుకోకుండా పుట్టినవాళ్లకీ, మెదడు పొరలకి టీబీ సోకినవాళ్లకీ కూడా ఇది వస్తుంది. గ్రహణం రోజు నువ్వు బయటికెళ్లినందుకు మాత్రం రాదు, ఎవరైనా అలా అంటే నాతో మాట్లాడమను.

షంట్ అంటే వాల్వు ఉన్న సన్నటి సిలికాన్ గొట్టం. తలలోంచి చర్మం కిందుగా పొట్టలోకి వేస్తారు, అక్కడ నీటిని ఒళ్లే పీల్చుకుంటుంది. పిల్ల పొడుగైనా సరిపోవాలని లోపల కొంచెం ఎక్కువ గొట్టమే వదులుతారు. ఎండోస్కోపీతో మెదడులోనే పక్కదారి చేసే ఆపరేషనూ ఉంది కానీ ఏడాది లోపు పిల్లల్లో అది ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ, పాపకి ఏది నయమో సర్జన్‌నే అడుగు. విదేశీ షంట్ కోసం అప్పులు చెయ్యకు. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ చాలా చవక, ఉగాండాలో పిల్లలకి వేసి ఖరీదైనదానితో పోల్చి చూస్తే ఏడాది తర్వాత ఫలితాల్లో తేడా ఏమీ కనబడలేదు. ఆరోగ్యశ్రీ గురించి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలువు.

అసలు జాగ్రత్త ఆపరేషన్ తర్వాతే. షంట్ ఎప్పుడైనా మూసుకుపోవచ్చు, మొదటి కొన్ని నెలల్లో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. వాంతులు, లేపినా లేవనంత మగత, ఏడవకపోయినా మాడు ఉబ్బి గట్టిగా ఉండటం, కనుగుడ్లు కిందికి దిగిపోయి ఉండటం, జ్వరం, గొట్టం వెంబడి ఎరుపు, వీటిలో ఏది కనబడినా పళ్లొస్తున్నాయిలే అని సరిపెట్టుకోకుండా, అర్ధరాత్రయినా సరే, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికే పరిగెత్తండి. పాత స్కాన్లు వెంట ఉండాలి, కొత్తదాన్ని వాటితో పోల్చి చూస్తే గానీ వాళ్లకి తేడా తెలియదు.

టీకాలు మానకు. ఆపరేషన్‌కి ఎంతసేపు ముందు పాలు ఆపాలో ఇవాళే అడిగి రాసిపెట్టుకో.

— పెద్దమ్మ