జనవరి చివర్లో పెట్టుకోకు బిడ్డా

నర్సంపేట,
అక్టోబర్ 2025

బిడ్డా,

సద్దుల బతుకమ్మ నాడు మీ బాపు ఫోన్ చేసి, మీ హాస్పిటల్లో రిజిస్టర్లన్నీ తీసేసి కంప్యూటర్ మీదికి మార్చే పని మొత్తం నీ చేతిలో పెట్టారని చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్లకు ఇంత పని అప్పజెప్పడం ఇదే మొదలు. వాకిట్లో బతుకమ్మ పేరుస్తున్న వాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు పంపిన ప్లాన్ ప్రింటు తీయించి చదివాక అసలే పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

ముందు తేదీ. జనవరి 29, గురువారం, అన్ని డిపార్ట్‌మెంట్లూ ఒకేసారి మొదలు అని రాశావు. క్యాలెండర్ చూశావా? మేడారం జాతర 28 నుంచి 31 దాకా. గురువారం అంటే సమ్మక్క గద్దెకు వచ్చే రోజు. హనుమకొండలో కూర్చుని ఆ తేదీ వేశావంటే, సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెప్పింది అట్లనే దింపుకున్నావన్నమాట. సిస్టర్లు, ఆయాలు, డ్రైవర్లు సగం మంది సెలవు అడుగుతారు. ఇయ్యకపోతే ఒక గొడవ, ఇస్తే ఇంకో గొడవ.

జాతర తేదీ మాఘ పున్నమిని బట్టి పడుతుంది. ఏ కలెక్టరూ దాన్ని వారం వెనక్కి జరపలేడు. అందుకే రోడ్లు, నీళ్ళు, బస్సులు అన్నీ ఆ తేదీకి లొంగాలి, కానిది వదిలెయ్యాలి. నీ తేదీ అట్లాంటిది కాదు కదా. మేనేజ్‌మెంట్‌ను కూర్చోబెట్టి అడుగు: తేదీ మారొద్దా, డిపార్ట్‌మెంట్లు తగ్గొద్దా, ఖర్చు పెరగొద్దా? మూడూ మారొద్దంటే కుదరదు. ఏది వదులుకుంటారో కాగితం మీద రాయించుకో. నా మాట వింటే ఫిబ్రవరిలో ఒక్క ఫార్మసీతో మొదలుపెట్టు. అక్కడ తప్పు జరిగితే సాయంత్రం స్టాక్ లెక్కలో తేలిపోతుంది. తర్వాత ఓపీ, ల్యాబ్. వార్డులు అన్నిటికంటే చివర. రెండు వారాలు రిజిస్టరూ కంప్యూటరూ రెండూ నడవనీ. డబుల్ పని అని సిస్టర్లు గొణుగుతారు, నిజమే మరి, డబుల్ పనే. ఆ ఓవర్‌టైం డబ్బు బడ్జెట్లో ఇప్పుడే పెట్టు, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

రంగు పట్టీల చార్టు చూడ్డానికి బాగుంది. హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజినీరు 1910ల్లో వాటిని వాడకంలోకి తెచ్చాడని ఎప్పుడో ట్రైనింగులో చెప్పారు మాకు. కానీ ఏ పని అయితే తప్ప ఏ పని మొదలుకాదో నీ చార్టులో ఎక్కడుంది? కంప్యూటర్లు దిగే రోజే ట్రైనింగ్ మొదలని వేశావు. కేబుల్ ఎవరు లాగుతారు, ఎప్పుడు? ఒకదాని వెనక ఒకటి తప్పక నడవాల్సిన పనుల్లో అన్నిటికంటే పొడుగు వరస ఏదో, దానికి ఎర్ర పెన్నుతో గీత గియ్యి. ఆ గీత మీద ఒక రోజు పోతే మొత్తం ఒక రోజు పోయినట్టే. మిగతావాటికి అంత టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పుట్టకముందు నేను మిర్చి కోల్డ్ స్టోరేజీ కంపెనీలో పనిచేశానని తెలుసు కదా. 1997-98లో మా వాళ్ళు కొత్త యూనిట్ కట్టారు. ఫిబ్రవరి, మార్చిలో ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి ఉప్పెనలా వస్తుంది, ఆలోపు గదులు చల్లబడాలి. ప్రతి సోమవారం మీటింగ్, మినిట్స్ రాసేది నేను. సివిల్ పని, జరుగుతున్నది. మెషినరీ, జరుగుతున్నది. కరెంటు, జరుగుతున్నది. ఆ మాటే వరసగా పేజీలకు పేజీలు ఉంటుంది.

ఒక సోమవారం స్టోర్ కీపర్ లేచి, గోడలకు వేసే థర్మోకోల్ షీట్లు టైముకు రావని చెప్పాడు. మేనేజర్ ఆయన్ను అందరి ముందూ నిలబెట్టి, "కాదనే మాట మోసుకొచ్చేటోడు నాకొద్దు" అని తిట్టాడు. యాభై ఏళ్ళ మనిషి, తల దించుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మీటింగులు తొందరగా అయిపోయేవి, మేనేజర్‌కు మహా ఖుషీ.

జనవరికి బిల్డింగ్ లేచింది, కంప్రెసర్లు బిగించారు, రంగులు వేశారు, ముహూర్తం పెట్టారు. కరెంటు రాలేదు. హెచ్‌టీ కనెక్షన్‌కు, అంటే ఎక్కువ వోల్టేజీ కరెంటు లైనుకు, డిపాజిట్ కట్టమని నోటీసు నవంబర్లోనే వచ్చిందట. సైట్ ఇంజినీరు అకౌంట్స్ వాళ్ళు కట్టారనుకున్నాడు. అకౌంట్స్ వాళ్ళు అది కాంట్రాక్టర్ లెక్కలోది అనుకున్నారు. కాంట్రాక్టర్ కొటేషన్‌లో అది లేనే లేదు. నోటీసును ఇన్‌వర్డ్‌లో, అంటే వచ్చిన కాగితాల రిజిస్టర్లో, ఎక్కించిన పిల్లగాడికి మాత్రం ఒక్కడికే తెలుసు. డబ్బు కట్టలేదని కూడా తెలుసు. స్టోర్ కీపర్‌కు జరిగింది చూసినవాడు, చెబుతాడా?

డబ్బు కట్టి, ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, ఇన్‌స్పెక్షన్ అయ్యేసరికి సీజన్ సగం పోయింది. అద్దె జనరేటర్ పెడితే ఒక్క గది నడిచింది. లారీలు గేటు దాకా వచ్చి వెనక్కి పోయాయి. చల్లదనం లేకపోతే మిర్చి రంగు దిగుతుంది, రంగు దిగితే రేటు పోతుంది. రైతులు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మేనేజర్‌ను హైదరాబాద్ బదిలీ చేశారు. ఉద్యోగం పోయింది మాత్రం ఆ పిల్లగాడిది. అప్పుడు వాడికి ఇప్పటి నీ వయసే ఉంటుంది. నాకు నిద్ర పట్టనిది అందుకు.

కాబట్టి ప్లాన్లో ప్రతి లైను ఎదురుగా ఒక్క మనిషి పేరు ఉండాలి. 'ఐటీ', 'అకౌంట్స్' అని రాస్తే అది ఎవరిదీ కాదు. తేదీ నువ్వు వెయ్యకు, ఆ మనిషితోనే చెప్పించు. మీటింగులో ఎంతవరకు వచ్చిందని అడగకు, 'అయితది మేడమ్' అంటారు. రసీదు చూపించమను, స్క్రీన్ చూపించమను. చూపించలేకపోతే కాలేదనే రాసుకో.

చెడు కబురు మొదట తెచ్చినవాళ్ళకు అందరి ముందూ చాయ్ పోయించు. నవ్వకు, నిజంగానే చెబుతున్నా. నీకు మీ బాపు కోపం వచ్చింది. చిన్నప్పుడు క్యారమ్ బోర్డులో ఓడిపోతే కాయిన్లు బావిలో పడేసిన పిల్లవు. ఆ కోపం వెనక భయం ఉంటుందని నాకు తెలుసు గానీ మీ స్టాఫ్‌కు తెలియదు కదమ్మా. కోపమొస్తే నాకు ఫోన్ చేసి నన్ను తిట్టు.

రాత్రి డ్యూటీలో ఒకసారి కూర్చుని రా. ఎమర్జెన్సీకి మనిషి వచ్చినప్పుడు సర్వర్ ఆగితే సిస్టర్ దేని మీద రాయాలి? ఆ కాగితాలు ముందే అచ్చు వేయించి ప్రతి కౌంటర్లో పెట్టు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఆఖరి బిల్లు, అన్ని వార్డుల్లో నెల రోజులు సాఫీగా నడిచాకే కట్టేటట్టు అగ్రిమెంట్‌లో రాయించు. బ్యాకప్ సంగతి నీకు నేను చెప్పాలా, కానీ తీసిన బ్యాకప్ మళ్ళీ తెరుచుకుంటుందో లేదో చూశారా అని అడుగు.

వేళకు తిను. మీ అమ్మ చెబితే వినవని నాతో చెప్పించమంది.

తేదీ మార్చాక కొత్త ప్లాన్ పంపు, పెద్ద అక్షరాల్లో. కేబుల్ లైను ఎదురుగా ఎవరి పేరు రాశావో ముందు అదే చూస్తా.

నీ మేనత్త