చెట్ల పనికి వస్తనంటున్న అల్లునికి

చిరంజీవి అల్లునికి ఆశీస్సులు.

హైదరాబాదుల కొలువు ఇడిసిపెట్టి నల్లగొండకొచ్చి చెట్ల పని పట్టుకుంటనని, ముందుగాల ఏ రంపం కొనాలెనని అడిగినవు. ఏదీ కొనకు. మిషన్ రంపం ఆఖరున కొనే సామాను. మన దిక్కు కొట్టేటోళ్లకు కరువు లేదు, ఏ కొమ్మ ఎక్కడ కొయ్యాలె, ఏది ముట్టొద్దో చెప్పేటోళ్లే తక్కువ.

మొదటి ఆర్నెల్లు పని తెలిసినోని దగ్గర కిందనే ఉండు. తాడు పట్టుడు, కొమ్మలు గుంజుడు, దారిల మనుషుల్ని ఆపుడు. చిన్న పనులనుకోకు, పైనోని ప్రాణం కిందోని చేతుల ఉంటది. బరువు కొమ్మను దించేటప్పుడు తాడును చెట్టు మొదలుకు రెండు మూడు చుట్లు తిప్పి పట్టుకో, ఆ రాపిడే బరువు మోస్తది. చేతికి చుట్టుకున్నవంటే కొమ్మ పడే ఊపుకు వేళ్లు పోతయి.

ఆ ఆర్నెల్లల్ల చూపు నేర్చుకో. చెట్టెక్కే ముందు చుట్టూ తిరుగు. మన ఎర్రనేల చాలా చోట్ల పల్చన, కిందనే రాయి తగులుతది, వేర్లు లోతుకు పోక పక్కలకు పాకుతయి. సీసీ రోడ్డుకో మోరీకో ఆ వేర్లు కోసి ఉంటే చెట్టుకు ఆ దిక్కు పట్టు పోయినట్టే. మొదట్ల నేల పగిలిందా, పుట్టగొడుగులు మొలిచినయా, చెదల మట్టి పైకి పాకిందా చూడు. కొయ్యసుత్తితోని తట్టు, డొల్ల చప్పుడొస్తే ఎక్కకు. పెద్ద తేనెతుట్టె ఉందేమో కూడ కిందికెల్లే చూసుకో. ఎక్కినంక కనబడితే దిగే టైముండదు.

ఎండిన కొసలు చూసి చెట్టు చచ్చిందని తీర్పు చెప్పకు. 2021ల వేపలకు కొసలెండు తెగులు తగిలితే భయపడి నరికించినోళ్లున్నరు, చాలా చెట్లు మళ్ల చిగురు పెట్టినయి. బెరడు గోటితోని గీరు, లోపల పచ్చగుంటే ప్రాణమున్నట్టే. మహబూబ్‌నగర్ పోయి పిల్లలమర్రి చూసి రా. 2017 ఆఖరుకు పెద్ద కొమ్మ విరిగింది, లోపల చెదలు తిన్నయి. 2018ల క్లోరోపైరిఫాస్ మందును సెలైన్ సీసాలతోని బొట్టు బొట్టుగ ఎక్కించి, కొమ్మలకు కింద ఆసరా కట్టి నిలబెట్టిన్రు. చెట్ల పనంటే అది కూడ.

ఇగ కోత. కొమ్మను ఒక్క దెబ్బకు పైనుంచి కోస్తే సగం తెగంగనే బరువుకు విరిగి, మొదలు బెరడును మూరెడు చీల్చుకుంట పోతది. అందుకే మూడు కోతలు. మొదలుకు అడుగు దూరంల కిందినుంచి మందంల మూడోవంతు కొయ్యి. దానికి అంగుళం బయటికి జరిగి పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగ రాలుతది. మిగిలిన మొద్దును మూడో కోతకు తియ్యి. కొమ్మ మొదట్ల ఉబ్బిన ముడత కనబడుతది, దాని బయటనే కొయ్యాలె. ఆ ఉబ్బులకెల్లే కొత్త బెరడు వచ్చి గాయం మూసుకుంటది. ముడత కోస్తే గాయం పెద్దదైతది, మొద్దు ఇడిసిపెడితే కుళ్లు దాంట్లకెల్లి లోపలికి పోతది. గాయానికి పెయింటు, తారు పూయమంటరు. కుళ్లు ఆగదు, పూయకు.

ఒక ఏడుల పచ్చని ఆకులల్ల నాలుగోవంతు కంటే ఎక్కువ తియ్యకు. తల నరికి మోడు చెయ్యమని ఇంటోళ్లు పట్టుబడతరు. మోడు మీద వచ్చే చిగురుకొమ్మలకు లోపలి కట్టెల పట్టుండదు, రెండు మూడేండ్లకు ఈదురుగాలికి అవే ఊడి పడతయి. ఈ మాట చెప్పి పని పోగొట్టుకున్నా పర్వాలేదు.

ఎక్కుడు గురించి. గౌడన్నలు మోకుతోని (నడుముకూ చెట్టుకూ కలిపి వేసే తాడుతోని) తాటిచెట్లెక్కుడు చూసి అదే చాలనుకోకు. తాటిచెట్టుకు కొమ్మల్లేవు, మోకు జరుపుకుంట పోవచ్చు. వేపకో చింతకో కొమ్మ దాటాలంటే మోకు ఇప్పాలె, ఇప్పిన ఆ క్షణం పట్టుండదు. అందుకే రెండు కట్లు: పైన నాలుగంగుళాలకు తక్కువ కాని పచ్చి కొమ్మ మీదికెల్లి వచ్చే తాడు, నడుము దగ్గర పొట్టి తాడు. ఒకటి మార్చేటప్పుడు ఇంకోటి ఉండాలె, కోసేటప్పుడు రెండూ ఉండాలె. తొడలను కూడ పట్టే హార్నెస్ (పట్టీల బెల్టు) కొను. తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్లది, ఎక్కువ సాగనిది. బోరు మోటరు దించే నైలాన్ తాడు వద్దు. ముల్లుబూట్లు నరికేసే చెట్టుకే, బతికే చెట్టు బెరడుకు పొడిచిన ప్రతి ముల్లూ గాయమే.

కరెంటు తీగ దగ్గర చెట్టుంటే లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగకు కరెంటు బందు చేసినమన్న మాట) తీసుకుని, తీగకు ఎర్తు చేసినంకనే చెయ్యి పెట్టు. కరెంటు కోత ఉంది కద అని ఎక్కకు. అదెప్పుడు వస్తదో తెల్వదు, ఎవరింటి జనరేటరు నుంచన్న తిరుగు కరెంటు కూడ రావచ్చు. తడి కొమ్మ తీగకు ఆనితే చాలు.

మొదటి ఏడు పైన చేతిరంపమే. తర్వాత మిషన్ కొంటే నేల మీద పెట్టి, చైన్ తిరగకుండ ఆపే బ్రేకు వేసి స్టార్టు చెయ్యి. భుజం కంటే పైకెత్తి కొయ్యకు, నిచ్చెన మీద నిలబడి అసలే కొయ్యకు. బార్ (చైన్ తిరిగే పట్టె) కొస పైభాగం కట్టెకు తగిలితే మిషన్ మొకం మీదికి ఎగురుతది. కొన్ని మిషన్లకు లీటరు పెట్రోలుల 20 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిలు, కొన్నిటికి 40. పుస్తకం చూసే కలుపు, తక్కువైతే పిస్టన్ పట్టేస్తది.

చెట్టు మొత్తం తీసే పనైతే 2002 వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం ఉంది. పట్టా జాగల చెట్టుకైనా అటవీ శాఖ అనుమతి అడగాలె, కొన్ని జాతులకు మినహాయింపు. కాగితం యజమాని పేరున రానియ్యి, నకలు నీ దగ్గర పెట్టుకో.

ధర చెట్టు ఎత్తును చూసి చెప్పకు. కోసుడు పూటల అయిపోతది, కొమ్మలు మోసుడు దినమంత పడుతది. ట్రాక్టరు ఎన్ని ట్రిప్పులు, వాకిట్లకు వస్తదా రాదా, కింద రేకుల షెడ్డుందా అని లెక్కేసి చెప్పు. కట్టెలు ఎవరికి, చెత్త ఎవరు తీస్తరు అన్నది పనికి ముందే రాసుకో, తగాదాలన్నీ అక్కడికెల్లే వస్తయి.

నీ మేనమామ