షోమ్రోనా, సమరయా?

సందేహం: పాత నిబంధనలో షోమ్రోను అనీ, కొత్త నిబంధనలో సమరయ అనీ చదువుతున్నాం. రెండూ ఒకటేనా? ఇశ్రాయేలు చరిత్రపై నేను రాస్తున్న వ్యాసంలో "సమరయ రాజు అహాబు" అనవచ్చా?

సమాధానం: పేరు ఒకటే, రూపాలు రెండు. అహాబు దగ్గర మాత్రం షోమ్రోను అనే రాయండి. "షోమ్రోను రాజైన అహాబు" అన్న ప్రయోగం నాబోతు ద్రాక్షతోట కథ మొదట్లోనే ఉంది.

అహాబు తండ్రి ఒమ్రీ క్రీ.పూ. 9వ శతాబ్దంలో అప్పటి రాజధాని తిర్సాను విడిచి, షెమెరు అనే వాడి దగ్గర ఒక కొండను వెండి ఇచ్చి కొని, రాజధాని కట్టుకున్నాడు. షెమెరు పేరు మీదనే షోమ్రోను అని పెట్టాడు. సమరయ అని రాస్తే ఆ షెమెరు చెవికి వినపడడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరుకు (అస్సీరియాకు) లొంగేదాకా ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలుకు అదే రాజధాని. 27 వేలమందికి పైగా చెరపట్టానని అష్షూరు రాజు సర్గోను శాసనాల్లో చెప్పుకున్నాడు. ఆపైన వేరే దేశాల జనాన్ని తెచ్చి అక్కడ కాపురం పెట్టించారు.

గ్రీకు లిపిలో "ష"కు అక్షరం లేదు. అందుకే గ్రీకులో రాసిన కొత్త నిబంధనలో ఆ పేరు "స"తో మొదలైంది, మనకు సమరయగా వచ్చింది. షిమ్యోను సిమోను కావడమూ ఇలాంటిదే. అయితే మన అనువాదకులు అన్నిచోట్లా ఈ పద్ధతి పాటించలేదు. హీబ్రూలో షౌలు, షెలోమో అయినవాళ్లను పాత నిబంధనలోనే సౌలు, సొలొమోను అన్నారు. ఊరి పేరును హీబ్రూ రూపంలో ఉంచడం మాత్రం మనకు మేలే చేసింది.

అర్థంలోనూ తేడా గమనించండి. షోమ్రోను ప్రధానంగా పట్టణం. "షోమ్రోను పట్టణాలు" అన్నచోట మాత్రం ప్రాంతం. సువార్తల్లో సమరయ అంటే ప్రాంతమే. యేసు నీళ్లడిగిన బావి సమరయలోని సుఖారు ఊరి దగ్గరిది, ఒమ్రీ కట్టిన పట్టణంలోది కాదు. చాలా వ్యాసాల్లో పొరపాటు ఇక్కడే జరుగుతోంది.

మీ వ్యాసం రెండు కాలాలనూ తాకితే, మొదటిసారి "షోమ్రోను (తర్వాతి సమరయ)" అని రాసి, ఆపైన ఏ కాలానికి ఆ రూపం వాడండి. "మంచి సమరయుడు" తెలుగులో స్థిరపడిపోయిన మాట, దాన్ని కదపొద్దు. గెరిజీము కొండ మీద నేటికీ పస్కా బలి అర్పిస్తున్న సమాజాన్ని కూడా సమరయులనే అనండి.