కాపు లేని ఏట కీర్తన

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి దగ్గర పల్లె. 2018 తిత్లీ తుపానుకి కొబ్బరి తోట నేలకొరిగింది. మళ్లీ వేసిన మొక్కలు కాపుకొచ్చే వేళకి మా ఆయనకి కిడ్నీలు పాడైనాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. "ఏ పాపం సేసినారో, ఇశ్వాసం సాల్లేదు" అంటున్నారు సంఘంలోనే కొందరు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న మాట వింటే ఏడుపొస్తోంది. నా విశ్వాసం పోయినట్టేనా?
- ఒక సోదరి

జవాబు: పోలేదమ్మా. పోయుంటే దేవుడి ముందు ఏడవరు.

ముందు ఆ పాపం మాట. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ ఇదే అడిగారు, పాపం వాడిదా, కన్నవాళ్లదా అని. ఎవరిదీ కాదన్నాడు ప్రభువు. మీ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో లేదు ఈ జబ్బు?

ఇక ఆనందించమన్న మాట. బైబిల్లో హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడే అధ్యాయాలు. మొదలే "ఎన్నాళ్లు మొరపెట్టాలి" అన్న ఫిర్యాదు. తాను ఆనందిస్తానన్న మాట 3:18 దాకా రాదు. 16లో కాళ్లు వణుకుతున్నాయంటాడు. 17లో లేనివన్నీ పేరుపేరునా లెక్కపెడతాడు: అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేలో పైరు, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు. వణుకు తగ్గాక ఆనందించలేదాయన, వణుకుతూనే ఆనందించాడు.

మీరూ ఓ కాగితం మీద మీ లెక్క రాయండి. కొబ్బరి, జీడి, ఆయన సంపాదన, ఆసుపత్రికి ఆటో ఖర్చు, పిల్లల ఫీజు. ఒక్కొక్కటే పైకి చదివి "ఇది లేకపోయినా" అనండి. చివర "నీలో ఆనందిస్తాను" అన్న మాట నోటికి రాకపోతే ఆ రోజుకి అక్కడే ఆపేయండి, అబద్ధం ఆడొద్దు. మర్నాడు 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు: మొదటి రెండూ ప్రశ్నలు, తర్వాతి రెండూ విన్నపం, ఆఖరి రెండూ నమ్మకం. చాలామంది నేరుగా అయిదుకి దూకేస్తారు. దిగమింగిన మొదటి నాలుగూ రాత్రుళ్లు కంటిమీద కునుకు పడనివ్వవు.

డయాలసిస్ ఒక్కోసారికి నాలుగు గంటలు. ఇంటికొచ్చాక ఆయన నీరసించిపోతారు కాబట్టి ఆ రాత్రి కుటుంబ ప్రార్థన ఒక్క కీర్తనతో ముగించండి. 1 రాజులు 19లో చావు కోరుకున్న ఏలీయాకి దూత ప్రసంగం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి, మళ్లీ పడుకోనిచ్చాడు. మీరూ వేళకి తినండి. ఆయన చేత మాత్రం ఉపవాసం చేయించొద్దు, తిండీ నీళ్లూ డాక్టరు చెప్పిన కొలతలోనే. "విశ్వాసంతో డయాలసిస్ మానెయ్యండి" అని ఎవరు చెప్పినా వినొద్దు. మానేస్తే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని గుండె ఆగిపోవచ్చు. వైద్యం చేయించుకోవడం అవిశ్వాసం కాదు: తిమోతి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నది అపొస్తలుడైన పౌలే.

సంఘాన్ని "ప్రార్థించండి" అని అడిగి ఊరుకోకండి. మంగళవారం ఆసుపత్రిలో తోడు కూర్చునే మనిషి కావాలి, పిల్లలకి ఆ పూట అన్నం కావాలి అని విడమరిచి చెప్పండి. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నంతసేపూ మంచివాళ్లే.

ప్రశ్న: దుఃఖంలో ఉండి ఆరాధనలో పాడితే వేషధారణ కాదా?
- ఓ యువకుడు, బొబ్బిలి

జవాబు: లేని నవ్వు మొహానికి పులుముకుంటే వేషధారణ. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అయినా అది ఆరాధన పాటే. నోరు పెగలకపోతే కూర్చుని వినండి, మీ బదులు పక్కవాళ్లు పాడతారు. ఆదివారం వెళ్లడం మాత్రం మానకండి.