రీఫండ్‌ను నమ్ముకుని అప్పు చేయకండి

ప్రశ్న: అక్క డెలివరీకని అమ్మానాన్నలకు డల్లాస్‌కు రానూపోనూ టికెట్లు ఏజెంటు ద్వారా 2.6 లక్షలకు, క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద తీసుకున్నాను. విదేశీ ఎయిర్‌లైన్స్. ప్రయాణం ముందురోజు నాన్నకు (66) గుండెనొప్పి వచ్చి స్టెంట్ వేశారు. రీఫండబుల్ టికెట్లే కదా, తర్వాత చూసుకుందాం అనుకున్నాను. ఇప్పుడు నో-షో (రద్దు చేయకుండా, ఎక్కకుండా వదిలేయడం) అంటున్నారు. హాస్పిటల్ బిల్లుకు లోన్ యాప్‌లో 2 లక్షలు తీసుకుని, రీఫండ్ రాగానే తీర్చేయొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. ముందు ఆ యాప్‌ను ఫోన్లోంచి తీసేయండి. ఎంత వస్తుందో, ఎప్పుడొస్తుందో తెలియని డబ్బును చూసుకుని రోజులు లెక్కపెట్టి వడ్డీ గుంజే చోట అప్పు చేస్తారా?

రీఫండబుల్ అంటే మొత్తం వెనక్కి వస్తుందని కాదు. విమానం బయల్దేరక ముందు రద్దు చేస్తే ఒక కోత, ఎక్కకుండా వదిలేస్తే ఇంకా పెద్ద కోత. రెండూ ఫేర్ రూల్స్‌లో (టికెట్ షరతుల్లో) పక్కపక్కనే ఉంటాయి, ఎవరూ చదవరు. గడువు కూడా విమానం బయల్దేరే ఊరి టైము ప్రకారమే. వెబ్ చెక్-ఇన్ అయిపోయి ఉంటే చాలాచోట్ల ముందు దాన్ని రద్దు చేయించాలి, ఆ తర్వాతే టికెట్. ఏజెంటు ఫోన్ ఎత్తకపోతే నేరుగా ఎయిర్‌లైన్స్‌కే ఫోన్ చేయాల్సింది. ఐసీయూ బయట కూర్చున్న మీకు ఇవేవీ తోచకపోవడం సహజం. ఆ పని అక్కకో, బావగారికో అప్పగించి ఉంటే సరిపోయేది.

ఇప్పుడైనా డిశ్చార్జ్ సమ్మరీ జతచేసి, నో-షో ఛార్జీ మాఫీ చేయమని మెయిల్ పెట్టండి. వాడని టికెట్లపై పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు విడిగా అడగండి. మన ఎయిర్‌లైన్స్ అయితే ఇవి నో-షోలోనూ తిరిగివ్వాలని డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ఉంది. మీది విదేశీ సంస్థ కనుక వాళ్ల దేశపు నిబంధనలే చెల్లుతాయి, అయినా అడగడం మానకండి. వచ్చేదేదైనా కార్డులోకే వస్తుంది, ఈఎంఐ మాత్రం దానంతటది ఆగదు. బ్యాంకుకు చెప్పి మూయించాలి. అప్పటిదాకా కట్టిన వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు పోయినట్టే.

బిల్లుకు బంగారం తాకట్టు పెట్టండి. పీఎఫ్ అడ్వాన్స్ కూడా చూడండి.

అసలు లోటు టికెట్ దగ్గర లేదు. 2.6 లక్షల ప్రయాణం పెట్టుకున్న ఇంట్లో అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ లేదు, ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన లేదు. ఉంటే ఈ ఉత్తరమే రాసేవారు కాదు. అమ్మగారికి ఈ నెలలోనే పాలసీ తీసుకోండి. వ్యక్తిగత హెల్త్ పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. నాన్నగారికి స్టెంట్ సంగతి దాచకుండా రాసి అప్లై చేయండి. ప్రీమియం పెరగొచ్చు, కొన్ని కంపెనీలు కాదనొచ్చు, ఇచ్చినా పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు) పెట్టొచ్చు. అందుకే ఆ మూడేళ్లకు ఆయన పేరున విడిగా ఒక ఎఫ్‌డీ ఉండాలి. రీఫండ్ వచ్చాక కార్డు బాకీ పోగా మిగిలింది అందులోనే వేయండి. డల్లాస్ టికెట్ల మాట తర్వాత.