సమాధానం: లాగ్ ఫైల్ తీసేసినా డిస్క్ నిండుగానే కనిపిస్తోందా?

40 జీబీ లాగ్ ఫైల్ తీసేసినా డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చూపే కమాండ్) ఇంకా 100 శాతమే చూపిస్తోంది, డీయూ (ఫైళ్ల సైజులు కూడి చెప్పే కమాండ్) లెక్క మాత్రం చాలా తక్కువ వస్తోంది అన్నారు. ఆ తేడాలోనే జవాబు సగం ఉంది.

లినక్స్‌లో ఆర్ఎం (ఫైల్ తీసేసే కమాండ్) కొడితే పోయేది ఫైల్ పేరు మాత్రమే. ఏదైనా ప్రోగ్రామ్ దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే, వదిలేదాకా డిస్క్‌లో చోటు ఖాళీ కాదు. డీయూ పేర్లున్న ఫైళ్లనే లెక్కేస్తుంది కాబట్టి దానికి ఇది కనబడదు.

తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌ను ప్లస్, పెద్ద ఎల్, ఒకటి అనే ఆప్షన్‌తో రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) నడపండి. పేరు పోయినా ఇంకా తెరిచే ఉన్న ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నంబర్లు వస్తాయి. ఆ ఒక్క సర్వీసును రీస్టార్ట్ చేస్తే చాలు, సర్వర్ మొత్తం రీబూట్ అక్కర్లేదు. సర్వీసు ఆపడం కుదరదంటే, ప్రాక్ (ప్రాసెస్‌ల వివరాలుండే ఫోల్డర్) కింద ఆ ప్రాసెస్ ఎఫ్‌డీ ఫోల్డర్‌లో ఉన్న డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైల్‌ను సూచించే నంబరు) ట్రంకేట్ కమాండ్‌తో సున్నా సైజుకు తెండి. నంబరు రెండుసార్లు చూసుకోండి. నేనొకసారి టెన్షన్‌లో పక్క నంబరు కొట్టి, కావాల్సిన లాగ్‌నే తుడిచేసుకున్నాను!

ఇకపై లాగ్‌రొటేట్ (పాత లాగ్‌ను పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టే టూల్) పెట్టుకోండి. అందులో సర్వీసును కొత్త ఫైల్ తెరవమని చెప్పే పోస్ట్‌రొటేట్ భాగం లేకపోతే మళ్లీ ఇదే కథ. లాగ్‌ను కాపీ చేసి అసలు ఫైల్‌ను ఖాళీ చేసే కాపీట్రంకేట్ ఆప్షన్ కూడా ఉంది గానీ, కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్య వచ్చిన లైన్లు పోవచ్చు. నాకైతే అది నచ్చదు.

ఎల్ఎస్ఓఎఫ్‌లో ఏమీ రాకపోతే, మౌంట్ పాయింట్ల (వేరే డిస్క్‌ను తగిలించిన ఫోల్డర్లు) కింద పాత ఫైళ్లు దాగి ఉన్నాయేమో చూడాలి. అప్పుడు డీఎఫ్ అవుట్‌పుట్ మొత్తం ఇక్కడ పెట్టండి.