లైట్ల కోసం అప్పు: ఆ రూపాయిన్నర వడ్డీ లెక్క తప్పు

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. మంగళగిరి చీరలు ఇంట్లోనే ఉంచుకుని వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అమ్ముతాను. నెలకు 18 వేలు మిగులుతోంది. మావారి జీతం 26 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. ఫొటోలో రంగు ఒకలా, చేతికి వచ్చాక ఇంకోలా ఉందని చీరలు తిప్పి పంపుతున్నారు. స్టూడియో లైట్లు, కెమెరా కొనుక్కోవడానికి ఒక రుణ యాప్ 80 వేలు ఇస్తానంటోంది. నూటికి రూపాయిన్నర వడ్డీ, 4 వేల రుసుము ముందే పట్టుకుంటారు, ఏడాదిపాటు నెలకు 7,867 కట్టాలి. బ్యాంకులో 22 వేలు ఉన్నాయి. 2024 వరదలో సరుకు తడిసి చేసిన అప్పు ఈమధ్యే తీరింది. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. వరద అప్పు తీరీ తీరకముందే ఇంకో అప్పా?

ఇంటి నుంచి వ్యాపారం చేసే చాలామంది ఇదే పని చేస్తున్నారు. అమ్మకాలు కాస్త మందగించగానే ఒక వస్తువు మీద నెపం వేసి, అప్పు చేసి, దానికి పెట్టుబడి అని పేరు పెడతారు.

మీ రూపాయిన్నర సంగతి చూద్దాం. మామూలుగా అసలు తీరేకొద్దీ వడ్డీ తగ్గాలి. ఇక్కడ పన్నెండో నెలలో కూడా మొత్తం 80 వేల మీదే వడ్డీ వేస్తున్నారు. మీ చేతికొచ్చేది 76 వేలు, మీరు కట్టేది 94,400. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే నూటికి మూడున్నర రూపాయలు, అంటే ఏడాదికి 42 శాతం! అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును రుణానికి ముందే పత్రంలో చూపాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఆ పత్రం అడిగారా?

ఇక రంగు తేడా. మీరు ట్యూబులైటు వేసి, కిటికీ పక్కన ఫొటో తీస్తున్నారని నా అనుమానం. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు: మధ్యాహ్నపు వెలుగు సుమారు 5,500 కెల్విన్, తెల్లటి ఎల్ఈడీ ట్యూబు 6,500, పసుపు బల్బు 3,000. ఇవి కలిస్తే ఏది తెలుపో కెమెరా తేల్చుకోలేదు, అది 80 వేల కెమెరా అయినా సరే. ఇంట్లో లైట్లన్నీ ఆర్పండి. ఎండ నేరుగా పడని కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టి, చీరకు అవతలి వైపు థర్మాకోల్ షీటు నిలబెట్టండి. తెల్ల కాగితం చూపించి ఫోను కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపించే సెట్టింగు) స్థిరపరచండి. వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడితే జరీ అంచు తెల్లగా మండిపోదు. రాత్రిపూట తీయక తప్పదంటే సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే, వందకు లెక్కించే కొలత) 95 ఉన్న ఎల్ఈడీ దీపం ఒకటి, తెల్ల గొడుగు, స్టాండు చాలు. అవి ఈ నెల లాభంలోంచే కొనుక్కోవచ్చు.

నన్ను కలవరపెట్టింది మీరు చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేసిన విషయం. బుడమేరు వాగు ఇంట్లోకి వచ్చి సరుకు ముంచింది, అప్పు చేసి గట్టెక్కారు. అయినా అత్యవసర నిధి 22 వేలే! ఒక నెల ఇంటి ఖర్చుకే చాలదు. ఈ శీర్షిక చదివేవారికి ఇది నా పాత పాటే, అయినా పాడతాను: మీకు కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 1,80,000 పక్కన ఉండాలి. యాప్‌కు కట్టడానికి సిద్ధపడిన ఆ 7,867నే నెలనెలా వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి పాత 22 వేలతో కలిపి 1,16,400 అవుతుంది. ఆ ఖాతా కార్డును పర్సులో పెట్టుకోకండి, చీరల కొనుగోలుకు అందులోంచి ‘వారం రోజులకే’ అంటూ తీయకండి. నా దగ్గరికి వచ్చేవారి నిధులు ఎక్కువగా కరిగిపోయేది ఆ వారం రోజుల వాడకంలోనే.

సరుకుకు బీమా కూడా చేయించండి. ఇంటి బీమా ఉంది కదా అనుకోవద్దు, అమ్మకపు సరుకు మామూలుగా అందులోకి రాదు. చిన్న వ్యాపారాల కోసం ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో వరద నష్టం కూడా ఉంటుంది. సరుకు ఇంట్లోనే ఉంటుందని దరఖాస్తులో స్పష్టంగా రాయించండి. వానాకాలంలో బీరువా అడుగు అరలు ఖాళీగా ఉంచండి.

డ్వాక్రా రుణం, 50 వేల వరకు వచ్చే ముద్ర శిశు రుణం, బంగారం మీద అప్పు... నిధి నిండాక, వ్యాపారం నిజంగా పెరిగాక ఆలోచిద్దాం.

యాప్‌లో దరఖాస్తు ఇప్పటికే సగం నింపి ఉంటే రద్దు చేయండి. ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు చూసేందుకు దానికిచ్చిన అనుమతులు కూడా ఈరోజే తీసేయండి.